ఆ నోటుపుస్తకాన్ని ఏ గడిలో రాయమంటారు?

ఉన్నత విద్యను నడిపిస్తున్న పెద్దలకు తిరుపతి నుంచి ఒక ఆంగ్ల సాహిత్య ఆచార్యురాలి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ అధికారులకు, విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పాలకమండళ్ల సభ్యులకు నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్లు ఆంగ్ల సాహిత్యం బోధించి నిరుడు పదవీ విరమణ చేశాను. రెండేళ్లలో మూడు వినతిపత్రాలు ఇచ్చాను. మొదటిదానికి అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. రెండోదాన్ని సంబంధిత విభాగానికి పంపామన్నారు. మూడోదాని సంగతి కనుక్కుందామని వెళ్తే ఆ సీటులో ఉన్నవారు బదిలీ అయ్యారు, ఫైలు వెతకాలి, మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లాను. ఫైలు దొరకలేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. నేను పనిచేసిన విశ్వవిద్యాలయం పేరు ఇందులో ఉండదు. అక్కడి సహోద్యోగులు చేతనైనంత చేశారు. ఇది ఒక్క చోటి బాధ కూడా కాదు.

ముందుగా ఒక నోటుపుస్తకం గురించి చెప్పాలి. అది చెప్పకపోతే కింద రాసిన అంకెలేవీ మీకు అర్థం కావు.

అది నూరు పేజీల పాత లెక్కల పుస్తకం. అట్ట మీద ఏదో కిరాణా కొట్టు ముద్ర సగం చెరిగిపోయి ఉంది. లోపల నీలం సిరాతో పద్యాలు, దరువులు, వాటి పక్కన ఎర్ర సిరాతో రాగతాళాల గుర్తులు. లిపి తెలుగే గానీ అక్కడక్కడ తమిళ మాటలు దొర్లుతాయి. మన సరిహద్దు పల్లెల్లో అంతే కదా. ద్రౌపదీ వస్త్రాపహరణం ఘట్టంలో ఒక పేజీ అంచున ముఖానికి పూసుకునే ఎర్ర రంగుతో పడిన బొటనవేలి ముద్ర ఉంది. ఆ పేజీలోనే సభలో ద్రౌపది అడిగే ప్రశ్న ఉంది: తన్ను తాను ఓడిన తర్వాత నన్ను ఒడ్డే హక్కు ఆయనకు ఎక్కడిది అని. ఆ ప్రశ్నను రాసిన మనిషి మూడుసార్లు మార్చాడు. మొదటిది కొట్టేశాడు, రెండోదాని కింద గీత గీశాడు, మూడోది పక్క ఖాళీలో నిలువుగా రాశాడు. మూడు సిరాలూ వేరు. అంటే ఏళ్ల తరబడి, ఒక్కో జాతరకు ఆడి చూసి, జనం ఎక్కడ కదిలారో గమనించి దిద్దుకున్నాడన్నమాట.

చిత్తూరు జిల్లాలో పుట్టినవారికి భారతం ఉత్సవాల గురించి చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం నాలుగు మాటలు. ధర్మరాజు గుడి ఉన్న ఊళ్లో ఎండాకాలం పద్దెనిమిది రోజులు మహాభారతం నడుస్తుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజున పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో దాని కింద సాగిలపడి ఉంటారు. చివర్లో ఊరి బయట నేల మీద మట్టితో తీర్చిన దుర్యోధనుడి భారీ బొమ్మ చుట్టూ భీముడు తిరిగి తొడ పగలగొడతాడు. సాయంత్రం అగ్నిగుండం. చూసేవాళ్లకీ ఆడేవాళ్లకీ మధ్య అక్కడ పెద్ద గీత ఉండదు.

నేను పుంగనూరు దగ్గరి పల్లెలో ఇవి చూస్తూ పెరిగాను. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. తిరుపతిలో ఎం.ఏ. చదువుతుండగా మధ్యయుగపు ఆంగ్ల నాటకం పాఠం వచ్చింది. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో బండ్ల మీద బైబిలు కథలను సృష్టి మొదలు అంతిమ తీర్పు దాకా ఒకే రోజున వీధి వీధికీ తిప్పుతూ ఆడేవారట. నోవా ఓడ ఘట్టం ఓడలు కట్టే వృత్తివారిది. శిలువ వేసే ఘట్టం మేకులు చేసేవారిది. మా సారు అది చెబుతుంటే నాకు మా ఊరి గుడి ముందరి పందిరి కళ్లకు కట్టింది. ఆ గంటలోనే నా పరిశోధన నిర్ణయమైపోయింది. అయితే ఆ రోజుల్లో మా గైడు, చాలా మంచి మనిషి, ఆంగ్ల శాఖలో భారతం ఎందుకమ్మా, యార్క్‌తో ఆపెయ్యి అన్నారు. ఆపేశాను. నా సిద్ధాంత గ్రంథంలో మా ఊరు లేదు. ఆ లోటు నన్ను ఉద్యోగమంతా వెంటాడింది.

ఇరవై ఏళ్ల తర్వాత పలమనేరు వైపు నుంచి ఒక అమ్మాయి పీహెచ్‌డీలో చేరింది. తండ్రి ఊరూరా భారతంలో ద్రౌపది వేషం కట్టే కళాకారుడు. ఆమె ఎంచుకున్న విషయం యార్క్ నాటకాలూ చిత్తూరు భారతాలూ. నేను వదిలేసిన సగం తనంతట తాను నా గది తలుపు తట్టినట్టయింది. ఆమె ఒక వేసవి అంతా పందిళ్ల దగ్గర రాత్రులు మేల్కొని ఫోనులో రికార్డు చేసింది. ఆ నోటుపుస్తకం ఆమె తాతది.

నాలుగో ఏట ఆమె మానేసింది. తెలివి తక్కువై కాదు, శ్రద్ధ తగ్గి కాదు. కారణాలు కింద రాస్తున్నాను. ఇవి ఆమె ఒక్కదాని కారణాలు కావు కాబట్టే మీ ముందు పెడుతున్నాను.

1. పరిశోధకుడు ఏం తిని బతకాలి?

జాతీయ స్థాయి పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) దొరికినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు అందుతున్నాయి. సంతోషం. అది రానివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో కనీసం నెలకు 8,000 ఇస్తారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మానవీయ శాస్త్రాలు చదివే మా పిల్లల్లో చాలామందికి అదీ లేదు. సైన్సు విద్యార్థికి ఏదో ఒక ప్రాజెక్టులో సహాయకుడిగా కొంతైనా దొరుకుతుంది. సాహిత్య విద్యార్థికి ప్రాజెక్టులు ఎక్కడివి?

ఆ అమ్మాయి ఉదయం ఒక ప్రైవేటు కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెప్పేది, మధ్యాహ్నం గ్రంథాలయం, సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషన్. మెస్ బిల్లు కట్టాల్సిన వారంలో నా గదికి వచ్చేది కాదు. తప్పించుకు తిరుగుతోందని మొదట్లో కోప్పడ్డాను. రెండు పూటలు తినడం మానేసిందని ఆమె స్నేహితురాలు చెప్పాక నా కోపానికి నేనే సిగ్గుపడ్డాను. ఊళ్లకు వెళ్లి రికార్డు చేయడానికి బస్సు ఛార్జీలు, ఫోనుకు మెమరీ కార్డు, రాత్రి అక్కడే ఉండాల్సి వస్తే తోడుగా వచ్చే తమ్ముడి ఖర్చు, అన్నీ సొంతంగా పెట్టుకుంది.

తిరుపతి గంగమ్మ జాతర మీద 2013లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ ముద్రణాలయం పుస్తకం వేసింది. రాసిన ప్రొఫెసర్ ఇక్కడికి వచ్చి, ఉండి, ఆడవాళ్లతో మాట్లాడి, వేషాలు కళ్లారా చూసి రాశారు. మంచి పుస్తకం. ఆమె మీద నాకు గౌరవమే. నా బాధ ఒక్కటే. అలా ఉండి, చూసి, రాసే వెసులుబాటు జాతర జరిగే ఊరి పిల్లకు లేదు.

2. అనువాదం విలువ ఎంత?

ఇది నేరుగా నా అనుభవం. అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పెట్టిన 2018 నిబంధనల రెండో అనుబంధంలో ఉన్న పట్టిక మీకు తెలిసిందే. మానవీయ శాస్త్రాల్లో ఒక పరిశోధన పత్రానికి 10 పాయింట్లు. జాతీయ ప్రచురణ సంస్థ వేసిన సొంత గ్రంథానికి 10, అంతర్జాతీయ సంస్థ వేస్తే 12. ఒక మొత్తం గ్రంథాన్ని అనువదిస్తే 8. ఒక అధ్యాయాన్ని అనువదిస్తే 3.

మళ్లీ చదవండి. పది పేజీల పత్రానికి పది. మూడు వందల పేజీల అనువాద గ్రంథానికి ఎనిమిది.

రాయలసీమ కరువు కథలను ఆంగ్లంలోకి తేవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఒక కథలో రైతు 'అదును పోయింది, పదును పోయింది' అంటాడు. అదును అంటే విత్తడానికి తగిన కాలం. పదును అంటే నేలలో విత్తుకు చాలినంత తేమ. ఒకటి ఆకాశానిది, ఒకటి భూమిది. రెండూ కలిసిన ఆ రెండు మూడు రోజుల్లో విత్తనం పడకపోతే ఏడాది పోయినట్టే. ఆ వాక్యాన్ని తీసుకుని పీలేరు దగ్గర ముగ్గురు రైతుల దగ్గరకు వెళ్లాను. ఒకాయన గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించి వదిలి, ఉండ కట్టి మెల్లగా విడిపోతే అదీ పదును అని చూపించారు. ఆ పిడికిలి చూశాకే నాకు వాక్యం కుదిరింది. ఇలాంటివి ఆ పుస్తకంలో వందల చోట్ల ఉన్నాయి.

ఆచార్య పదవికి నేరుగా దరఖాస్తు చేసుకోవాలంటే ఇదే నిబంధనల ప్రకారం 120 పాయింట్ల పరిశోధన స్కోరు ఉండాలి. అనువాదాలతోనే అంత దూరం రావాలంటే పదిహేను గ్రంథాలు కావాలి. తెలివైన యువ అధ్యాపకుడు ఏం చేస్తాడు? అనువాదం జోలికి పోడు. నా కంటే చిన్నవాళ్లు నలుగురు మంచి తెలుగు, మంచి ఆంగ్లం రెండూ వచ్చినవాళ్లు ఈ పని మానుకోవడం చూశాను. పదోన్నతి వచ్చాక చేస్తాను మేడమ్ అంటారు. అప్పటికి ఊళ్లో ఆ మాటకు అర్థం చెప్పే రైతు ఉండడు.

అసలు మన పాత చిత్తూరు జిల్లాలో అనువాదానికి ఎంత గొప్ప చరిత్ర ఉందో ఒకసారి గుర్తు చేసుకోండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కళాశాలకు వచ్చి ఉన్నప్పుడే జనగణమనను తన చేత్తో ఆంగ్లంలోకి అనువదించారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. ఆంగ్ల సాహిత్యం, మన నేల, అనువాదం ఒకే ఆవరణలో కలిసిన చోటు అది. ఆ జిల్లా పిల్లలకు అనువాదం రెండో తరగతి పని అని ఇవాళ మనం నేర్పుతున్నాం.

3. గైడు లేని చోట సీటు ఎక్కడిది?

పీహెచ్‌డీ నిబంధనలు 2022 ప్రకారం ఆచార్యుల దగ్గర ఎనిమిది మంది, సహ ఆచార్యుల దగ్గర ఆరుగురు, సహాయ ఆచార్యుల దగ్గర నలుగురికి మించి పరిశోధకులు ఉండకూడదు. గైడుగా ఉండాలంటే శాశ్వత అధ్యాపకులై ఉండాలి. పదవీ విరమణకు మూడేళ్ల కంటే తక్కువ సర్వీసు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. ఈ పరిమితులు సబబైనవే. ఒక్కొక్కరు పాతిక మందిని చేర్చుకుని ఎవరినీ పట్టించుకోని రోజులు నేను చూశాను. కానీ ఖాళీలు నింపకుండా ఈ పరిమితులను అమలు చేస్తే ఏమవుతుంది?

నేను చేరినప్పుడు మా శాఖలో శాశ్వత అధ్యాపకులు ఎనిమిది మంది. నేను దండ వేయించుకుని బయటకు వచ్చిన రోజున మిగిలింది ఇద్దరు. వారిలో ఒకరు రెండేళ్లలో విరమిస్తారు, కాబట్టి కొత్తవారిని తీసుకోలేరు. రెండోవారు సహాయ ఆచార్యులు. అంటే నలుగురు. ఆ నలుగురి స్థానాలు నిండి ఉంటే ఆ ఏడాది సున్నా. సత్యవేడు, కుప్పం, నగరి, శ్రీకాళహస్తి నుంచి ఎం.ఏ. పూర్తి చేసి వచ్చే పిల్లలందరికీ ఆ సున్నాలోనే వాటా.

పదేళ్లకు పైగా అకడమిక్ కన్సల్టెంట్లుగా, అంటే తాత్కాలిక అధ్యాపకులుగా, పాఠాలు చెబుతున్నవారు మా శాఖలో ఉన్నారు. డాక్టరేట్ ఉంది, అనుభవం ఉంది, గైడుగా ఉండే అర్హత మాత్రం లేదు. ప్రతి విద్యా సంవత్సరం మొదట్లో కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురు చూస్తారు. వారిలో ఒకరు బ్యాంకు రుణానికి వెళ్తే ఉద్యోగ ధ్రువపత్రం మీద గడువు తేదీ చూసి వెనక్కి పంపారు. అలాంటి మనిషి తరగతిలో నిలబడి షేక్‌స్పియర్ చెబుతుంటే నేను వెనుక బల్ల మీద కూర్చుని విన్నాను. నా కంటే బాగా చెప్పారు.

4. పత్రం ఎక్కడ ప్రచురించాలి?

సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు పత్రం ప్రచురించి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. చాలా చోట్ల స్థానిక నిబంధనల పేరుతో అది కొనసాగుతోంది. మరోవైపు నమ్మదగిన పత్రికలేవో చెప్పే యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేసి, ఎంపిక బాధ్యతను సంస్థలకే వదిలేశారు. ఒక చేత్తో పత్రం అడుగుతున్నారు, మరో చేత్తో దారి చూపించే పలక పీకేశారు. మధ్యలో అంగడి వెలిసింది. 'మూడు రోజుల్లో ప్రచురణ, ధ్రువపత్రం మీ మెయిల్‌కు' అని పరిశోధకుల ఫోన్లకు సందేశాలు వస్తాయి. చదివి దిద్దేవారు ఎవరూ ఉండరు. డబ్బు పడగానే అచ్చు.

ఆ అమ్మాయి కమ్మలు కుదువ పెట్టి అలాంటి చోట ఒక పత్రం వేయించిందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ పత్రం బాగుంది. చెత్త మధ్య పడి ఉంది. తర్వాత ఆ పత్రిక చెల్లదన్నారు. కమ్మలూ పోయాయి, పత్రమూ పోయింది. అదే వ్యాసాన్ని మరోచోటికి పంపితే ముందే అచ్చయిందంటారు కదా. ఆమె మానేయడానికి చివరి దెబ్బ ఇదే.

5. తెలుగులో రాస్తే లెక్కకు రాదా?

2016 నుంచి కేంద్రం ఉన్నత విద్యాసంస్థలకు ఎన్ఐఆర్ఎఫ్ పేరుతో ర్యాంకులు ఇస్తోంది. విశ్వవిద్యాలయాలకు అందులో పరిశోధనకు సంబంధించిన విభాగం వాటా 30 శాతం. ప్రచురణలను లెక్కించేది స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే రెండు సమాచార నిధుల నుంచి. తెలుగులో వెలువడే పత్రికలకు అక్కడ చోటు లేనట్టే. ర్యాంకు కోసం పరుగెత్తే సంస్థ అధిపతి తన అధ్యాపకులను ఏమని అడుగుతారు? స్కోపస్‌లో ఎన్ని ఉన్నాయి అని. తెలుగు పాఠకుల కోసం రాసిన విమర్శ గ్రంథాన్ని సమీక్ష సమావేశంలో బల్ల మీద పెట్టాను. బాగుందమ్మా, ఇది ఏ గడిలో రాయమంటారు అని అడిగారు. అడిగినవారు చెడ్డవారు కారు. ఆ ప్రశ్నకు వారి దగ్గరున్న దరఖాస్తులో నిజంగానే జవాబు లేదు.

చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జిలో చదివారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి. అంత ఆంగ్లం వచ్చిన మనిషి 'కవిత్వతత్త్వ విచారము' తెలుగులో రాశారు. ఆధునిక తెలుగు సాహిత్య విమర్శ గురించి మాట్లాడాలంటే దాన్ని దాటి వెళ్లలేం. అక్కడ నేర్చుకున్నది ఇక్కడి భాషలో ఇక్కడివారికి చెప్పడమే మానవీయ శాస్త్రాల ఆచార్యుడి పని అని నేను ఆ పుస్తకం చదివే నేర్చుకున్నాను. ఆంగ్ల శాఖలో ఉన్నందుకు నేను తెలుగు పాఠకుడికి దూరం కావాలా?

ఇలాంటి పనికి పట్టే కాలం గురించి కూడా ఒక మాట. తిరుమల సంకీర్తన భాండారంలోని రాగిరేకుల మీది అన్నమయ్య కీర్తనలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గార్ల వంటివారు ఏళ్ల తరబడి కూర్చుని చదివి, సరిచూసి, పరిష్కరించి అచ్చుకు తెచ్చారు. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. తర్వాతివారు స్వరపరిచారు. ఇవాళ కొండ మీద, పెళ్లి పందిళ్లలో, పిల్లల పోటీల్లో వినిపించే కీర్తన వెనుక ఇంత పరిశోధన ఉంది. ఏటా ఎన్ని పత్రాలు అని వారిని అడిగి ఉంటే మన చెవులకు ఏం మిగిలేది?

6. దీని భారం చివరికి ఎవరి మీద?

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోకి మారాయి. మాధ్యమం మంచిదా కాదా అని పెద్దలు ఎంతో వాదించారు. ఆ తరగతుల్లో పిల్లలకు ఆంగ్లం చెప్పేవారు ఎక్కడ తయారవుతారన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. మా శాఖల్లోనే తయారవుతారు. ఆ శాఖలు ఖాళీ అయితే పల్లె నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థి గైడు పుస్తకం బట్టీ పట్టి గట్టెక్కుతాడు, లేదా తల్లి కూలి డబ్బుతో తిరుపతిలో ఏదో శిక్షణ కేంద్రంలో మూడు నెలలు ఆంగ్లం కొనుక్కుంటాడు. ఉన్నవారి పిల్లలకు ఏ లోటూ ఉండదు. వారు వేరే ఊళ్లలో చదువుతారు.

ఇక నా విన్నపాలు. వీటిలో ఏదీ అసాధ్యం కాదు, కొన్నింటికి పైసా ఖర్చు లేదు.

1. అనువాద గ్రంథానికి, ప్రతులు సరిచూసి చేసే పరిష్కరణకు సొంత గ్రంథంతో సమానమైన పాయింట్లు ఇచ్చేలా పట్టికను సవరించాలని రాష్ట్రం తరఫున యూజీసీకి అధికారికంగా లేఖ రాయండి. రాసిన లేఖను ప్రజల ముందు పెట్టండి.

2. ప్రతి విశ్వవిద్యాలయంలో భాషా, మానవీయ శాస్త్రాల శాఖల్లో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, శాఖల వారీగా ప్రకటించండి. నియామకాలకు తేదీలతో కూడిన క్యాలెండర్ ఇవ్వండి. దరఖాస్తు రుసుము కట్టి ఏళ్లు ఎదురు చూసేవారికి వయసు ఆగదు. అకడమిక్ కన్సల్టెంట్ల అనుభవాన్ని ఆ నియామకాల్లో న్యాయంగా లెక్కించండి.

3. ఏ ఫెలోషిప్పూ లేని పూర్తికాలపు పరిశోధకులకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నెలకు కనీసం 8,000 రూపాయలు ఇవ్వండి. క్షేత్ర పర్యటనకు ఏటా కొంత మొత్తం విడిగా ఉంచండి. ఆడపిల్లలు రాత్రి ఉత్సవాల దగ్గర పనిచేయాల్సి వస్తే తోడు వచ్చేవారి ప్రయాణ ఖర్చు కూడా అందులోంచి చెల్లించండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. దీని వల్లే ఆగిపోయిన పరిశోధనలు నాకు తెలుసు.

4. రుసుము తీసుకోని నమ్మదగిన పత్రికల జాబితాను నిపుణులతో తయారు చేయించి పరిశోధకుల చేతికి ఇవ్వండి. అది వచ్చే దాకా పత్రం లేదన్న కారణంతో ఏ సిద్ధాంత గ్రంథాన్నీ ఆపవద్దు. ఇప్పటికే మోసపోయినవారిని దోషులుగా చూడవద్దు.

5. వార్షిక నివేదికల్లో, పదోన్నతి దరఖాస్తుల్లో తెలుగు గ్రంథాలకు, తెలుగు విమర్శకు ఒక గడి పెట్టండి. ఆ విషయం తెలిసినవారితో చదివించి విలువ కట్టించండి.

6. చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఇళ్లలో ఉన్న నాటక ప్రతులు, హరికథల పుస్తకాలు, పాటల నోటుపుస్తకాలు స్కాన్ చేసి భద్రపరచడానికి తిరుపతిలో ఒక గది, ఒక యంత్రం, పని తెలిసిన ఇద్దరు మనుషులను ఇవ్వండి. అసలు ప్రతి ఆ కుటుంబం దగ్గరే ఉండాలి. తిరుపతికి ఇది కొత్త పని కాదు. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం ప్రారంభించిన ప్రాచ్య పరిశోధన సంస్థ ఇక్కడే తాళపత్రాలను సేకరించి కాపాడింది. తాళపత్రానికి ఇచ్చిన గౌరవాన్ని లెక్కల పుస్తకానికి కూడా ఇవ్వమని అడుగుతున్నాను.

ఆ చివరి విన్నపం ఎందుకంత ముఖ్యమో చెబుతాను. యార్క్ నాటకాలు 1569 తర్వాత ఆగిపోయాయి. ఆడినవారు పోయారు, బండ్లు పోయాయి. పదిహేనో శతాబ్దంలో ఆ నాటకాలన్నిటినీ రాసిపెట్టిన చేతిరాత పుస్తకం ఒకే ఒక్కటి మిగిలింది. అది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఆ ఒక్క పుస్తకం ఉంది కాబట్టే నాలుగు వందల ఏళ్ల తర్వాత పుంగనూరు పల్లె పిల్ల తిరుపతిలో కూర్చుని వాటిని చదవగలిగింది. మా భారతాలు ఇంకా ఆడుతున్నారు. పుస్తకాలు మాత్రం అటకల మీద చెదలకు పోతున్నాయి.

ఆ అమ్మాయి మానేసిన తర్వాత ఒక రోజు వాళ్ల నాన్న ఆ నోటుపుస్తకం తువ్వాలులో చుట్టుకుని మా ఇంటికి వచ్చారు. "అమ్మా, ఇది మా నాన్న చేతిరాత. మీ లైబ్రరీలో పెట్టుకుంటారా? మా ఇంటి పైకప్పు కారుతోంది" అన్నారు. నేను వెంటబెట్టుకుని గ్రంథాలయానికి తీసుకెళ్లాను. అచ్చు పుస్తకం కాదు, అచ్చు పుస్తకాలకు ఉండే ఐఎస్‌బీఎన్ సంఖ్య లేదు, తీసుకునే పద్ధతి లేదన్నారు. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ తువ్వాలులో చుట్టి, మీ దగ్గరే ఉంచండమ్మా అని నా చేతికిచ్చారు.

అది ఇప్పుడు మా ఇంట్లో బీరువాలో ఉంది. నా ఫోనుతో ఫోటోలు తీశాను గానీ మడతల్లో ఉన్న అక్షరాలు రావడం లేదు. వస్త్రాపహరణం పేజీ అంచు ముట్టుకుంటే విరుగుతోంది. ఉగాది దాటగానే పందిళ్లు వేస్తారు. ఆయన ద్రౌపది వేషానికి ఆ పుస్తకం కావాలి, నేను తిరిగి ఇచ్చేయాలి. ఈలోగా తగిన యంత్రంతో స్కాన్ చేయించడానికి మీలో ఎవరు ముందుకు వచ్చినా, ఏ కార్యాలయానికి ఏ రోజు రమ్మన్నా పుస్తకంతో వస్తాను. నా మూడు వినతిపత్రాల నకళ్లూ ఆ రోజు వెంట తెస్తాను.

ఇట్లు,
ఆంగ్ల సాహిత్య విశ్రాంత ఆచార్యురాలు,
తిరుపతి